ఫ్రాన్సిస్ గారి జీపుకు కొత్త బుష్షులు

పొద్దున లేవగానే ఫ్రాన్సిస్ గారు చేసే మొదటి పని ప్రార్థన అని తెనాలి చర్చి సంఘంలో అందరూ అనుకుంటారు. అది రెండో పని. మొదటి పని లుంగీ ఎగగట్టి వాకిట్లోకి వెళ్లి, అక్కడ నిలబెట్టిన జీపు ముందు బంపరు మీద కుడికాలు ఆనించి ఒక్క తొక్కు తొక్కడం. తొక్కి, తల ఓ పక్కకు వంచి వింటారు. డాక్టరు గుండె విన్నంత శ్రద్ధగా వింటారని రాయొచ్చు గానీ, ఈమధ్య ఏ డాక్టరూ అంత శ్రద్ధగా వింటున్నట్టు లేదు.

జీపు ఏళ్ల తరబడి ఒకటే జవాబు చెప్పింది. 'లొడక్' అనేది. కాస్త ఆగి, చెప్పడం మర్చిపోయిన మాటేదో గుర్తొచ్చినట్టు, ఇంకో చిన్న 'లొడక్'.

"ఏమంటోందండీ?" అని వంటింట్లోంచి విజయమ్మ గారు అడిగేవారు.

"బాగానే ఉంది విజయా."

"బాగానే ఉంటే నాకు ఇక్కడిదాకా ఎందుకు వినబడుతుంది?"

అప్పుడు ఫ్రాన్సిస్ గారు లోపలికి వచ్చి ప్రార్థన చేసుకునేవారు.

ఆ జీపుకూ ఆయనకూ ఉన్న బంధం పాతది. ఫ్రాన్సిస్ గారు కాలువల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరిన ఏడే అదీ ఆఫీసుకు కొత్తగా వచ్చింది. ఆఫీసరు గారు కాలువలు చూడ్డానికి బయల్దేరితే ముందు సీటు ఆయనది. ఫ్రాన్సిస్ గారిది వెనక పక్కబల్ల. చంకలో చుట్టిన మ్యాపు, ఒళ్లో ఆఫీసరు గారి భోజనం క్యారియరు. మ్యాపు నలిగినా శాఖకు ఏమీ కాదు, ఇంకోటి గీయించొచ్చు. సాంబారు ఒలికితే మాత్రం ఆ రోజు కాలువల పరిస్థితి బాగుండేది కాదు. అందుకని గతుకు వచ్చినప్పుడల్లా ఫ్రాన్సిస్ గారు మోకాళ్లు కొంచెం పైకెత్తి, గతుకు దాటాక నెమ్మదిగా దించేవారు. ఆఫీసర్లు మారారు, క్యారియర్లు మారాయి. ఒడి మాత్రం రిటైరయ్యేదాకా అదే.

జీపు పనికిరాదని శాఖ తేల్చి వేలం వేసినప్పుడు ఫ్రాన్సిస్ గారు పాడుకున్నారు. ఆ సాయంత్రం ఇంటికి తోలుకొస్తూ, అన్నేళ్లుగా ఎక్కి దిగిన ఆ బండిలో మొదటిసారి ముందు సీట్లో కూర్చున్నారు. ఒళ్లో ఏమీ లేదు.

ఇక విజయమ్మ గారు. ఆవిడ కేకులు చేస్తారు. మొదట్లో క్రిస్మస్‌కు ఇరుగుపొరుగుకు పంచడానికి చేసేవారు. తిన్నవాళ్లు ఊరికే ఉండక పొగిడారు. అలా పొగడ్తలు పెరిగి పెరిగి పెళ్లి కేకులయ్యాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె సంఘాల్లో మూడంతస్తుల కేకు లేకుండా జరిగిన పెళ్లి అసలు చెల్లుతుందా అని అనుమానపడే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. పాస్టరు గారు ఆలస్యమైతే పాటలు పాడుతూ కూర్చుంటారు గానీ, కేకు ఆలస్యమైతే గేటు దగ్గరికి మనిషిని పంపుతారు. ఆ కేకులన్నిటినీ జీపే మోసేది. ముందు సీట్లో ఫ్రాన్సిస్ గారు, పక్కన విజయమ్మ గారు, వెనక ప్లైవుడ్ చెక్క మీద కేకు. ఆయన దృష్టిలో అది సరైన వరస.

ఆ వరస చెడింది బాపట్ల పెళ్లి రోజున. పొన్నూరు దాటాక ఒక మలుపు ఉంది. ఆ మలుపు దగ్గర రోడ్డు తిరిగింది, ఫ్రాన్సిస్ గారు స్టీరింగు తిప్పారు, జీపు మాత్రం కాసేపు ఆలోచించుకుని అప్పుడు తిరిగింది. ఆ ఆలోచన సరిపోయింది. పై అంతస్తు జారింది. దాని మీద చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డ పంచదార దంపతుల్లో పెళ్లికొడుకు స్టెప్నీ టైరు మీద పడ్డాడు, పెళ్లికూతురు ముందుకు ఎగిరి విజయమ్మ గారి పట్టుచీర మీద వాలింది. అసలు పెళ్లి ఇంకా మొదలే కాలేదు.

విజయమ్మ గారు తర్వాతి కేకును బ్రహ్మాజీ వ్యానులో పంపించారు.

బ్రహ్మాజీది రేపల్లె అవతల, సముద్రం వైపు ఊరు. రోజూ రొయ్యలు వ్యాను వెనక గదంత ఐసు పెట్టెలో వేసుకుని తెనాలి తెస్తాడు, ఖాళీ వ్యానుతో తిరిగి వెళ్తాడు. కొత్త వ్యాను, మెత్తగా పోతుంది. లోపల చల్లగా ఉంటుంది కాబట్టి ఐసింగు కరగదు. ఒక్కటే లోటు. ఎంత నిమ్మకాయ పెట్టి కడిగినా, లోపల కాసేపు ఉండి వచ్చినవాళ్లను పిల్లులు ప్రేమగా చూస్తాయి.

"చేపల బండిలో కేకా?" అన్నారు ఫ్రాన్సిస్ గారు.

"రొయ్యలండీ," అని దిద్దారు విజయమ్మ గారు. "అయినా వాసన వస్తే రెండు నిమిషాల్లో పోతుంది. కేకు పడితే మళ్లీ లేస్తుందా?"

ఇంతలో పులి మీద పుట్రలా చలపతిరావు గారు దిగారు. ఆయనకు రామాపురం బీచ్‌లో రిసార్టు ఉంది. వచ్చేపోయేవాళ్లు సెల్ఫీలు తీసుకోవడానికి గేటు దగ్గర ఇసకలో ఒక పాత జీపు పెడదామని ఆయన ఆశ.

"బానెట్టు తీసేసి అందులో బంతిమొక్కలు వేయిస్తానండి," అన్నారాయన, జీపు చుట్టూ తిరుగుతూ. "ఇంజను అక్కర్లేదండి. ఉన్నా పరవాలేదు."

ఫ్రాన్సిస్ గారు కుర్చీలోంచి లేచి జీపుకూ ఆయనకూ మధ్య నిలబడ్డారు. విజయమ్మ గారు మాత్రం చలపతిరావు గారికి టీ ఇచ్చి ఫోను నంబరు రాసుకున్నారు.

సరిగ్గా ఆ వారమే రేపల్లె నుంచి అంద్రెయ గారు ఫోను చేశారు. రేపల్లె సంఘంలో పెద్దమనిషి. తన కూతురు లిడియా పెళ్లి మే నెలలో. మూడంతస్తులు, తెల్ల ఐసింగు, చుట్టూ గులాబీ పువ్వులు. ఫోను పెట్టేశాక విజయమ్మ గారు భర్త ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"ఏమండీ, ఒక్క మాట. లిడియా కేకు మీ జీపులోనే పంపుతాను. ఒక్క పువ్వు చెదరకుండా రేపల్లె చేర్చారా, ఇక నా కేకులన్నీ మీ జీపువే. చెదిరిందా, చలపతిరావు గారికి ఫోను చేసేది నేను. బంతిమొక్కలకు నీళ్లు పోయడానికి మీరు నెలకోసారి రామాపురం వెళ్లొచ్చు."

ఫ్రాన్సిస్ గారు ఆ రోజు నుంచి చదువులో పడ్డారు. చదువంటే ఫోనులో వీడియోలు. మంచులో, కొండల మీద జీపులు తోలే తెల్లవాళ్లు చెప్పే సంగతులు విని, తెనాలి–రేపల్లె రోడ్డుకు అవన్నీ వర్తిస్తాయని తేల్చుకున్నారు. రోగం ఎక్కడుందో కూడా కనిపెట్టారు. జీపు కింద ఇనుప పట్టీలు దొంతరగా పేర్చిన కమాను కట్టలుంటాయి. కట్ట చివర గుండ్రంగా చుట్టిన కన్ను, ఆ కన్నులోంచి దూరే బోల్టు. ఇనుమూ ఇనుమూ ఒరుసుకుని పోట్లాడుకోకుండా రెండిటి మధ్యా ఒక రబ్బరు గొట్టం పెడతారు. దాన్నే బుష్షు అంటారు. ప్రతి ఇంట్లోనూ ఆ పని చేసే మనిషి ఒకరుంటారు. అరిగి లొడలొడమన్నాక తప్ప అలాంటి మనిషి ఉన్నట్టు ఎవరికీ తెలియదు.

"రబ్బరుది పాత కాలం," అని ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద దొరికినవాళ్లందరికీ చెప్పారు. "ఇప్పుడు పాలీయురేథేన్ బుష్షులు వచ్చాయి. అరగవు, పగలవు, నూనె పడినా ఉబ్బవు. బండి ఊగదు. మలుపులో గీత గీసినట్టు తిరుగుతుంది."

వినేవాళ్లు అవునండి, అవునండి అంటూ చెప్పుల కోసం వెతుక్కునేవారు.

ఆన్‌లైనులో తెప్పించిన పార్సిలు వచ్చింది. లోపల ఎర్రగా, నిగనిగలాడుతూ బుష్షులు.

"ఇవేంటండీ, జెల్లీ మిఠాయిల్లా ఉన్నాయి?" అన్నారు విజయమ్మ గారు.

"ముట్టుకోకు. అవి పాలీయురేథేన్."

"మిఠాయి అయినా మీరు ముట్టుకోనివ్వరు లెండి."

బుష్షులతో పాటు ఒక చిన్న ప్లాస్టిక్ కవరు కూడా ఉంది. అందులో తెల్లటి ముద్ద. ఈ రకం బుష్షులకు వాటికి సరిపడే గ్రీజే రాయాలి. లేకపోతే కొన్నాళ్లకు కీచుమంటాయి. కాగితంలో అదే ఉంది. చల్లని చోట భద్రపరచమని కూడా ఉంది. మే నెల తెనాలిలో చల్లని చోటు ఒకటే. ఫ్రాన్సిస్ గారు ఆ కవరును తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పై అరలో, గుడ్ల పక్కన పెట్టారు. ఆ అర విజయమ్మ గారిది. అందులో అప్పటికే, ఆదివారం బడి పిల్లల బన్నుల మీద రాయడానికి ఆవిడ దాచిన మిగులు ఐసింగు ఉంది. అదీ చిన్న ప్లాస్టిక్ కవరులోనే. అదీ తెల్లగానే.

బిగించడానికి ఏసుపాదం వచ్చాడు. రైలు గేటు దగ్గర అతనికి షెడ్డు ఉంది గానీ, జీపును కళ్ల ముందునుంచి కదలనివ్వడానికి ఫ్రాన్సిస్ గారు ఒప్పుకోలేదు. పనే వాకిట్లోకి నడిచొచ్చింది. ఏసుపాదానికి యంత్రాల గురించి ఒకే ఒక్క సిద్ధాంతం ఉంది: బిగించాలి. ఏ బండిలో ఏ జబ్బున్నా ఎక్కడో ఏదో వదులుగా ఉన్నందువల్లే వచ్చిందని అతని నమ్మకం. అతను బిగించిన రేడియేటరు మూతను అతనే వచ్చి తీయాలి.

విజయమ్మ గారు స్త్రీల సమాజం కూడికకు వెళ్లారు. వీళ్లు జీపును జాకీ మీద లేపి, చాసిస్ కింద చెక్కదిమ్మెలు పేర్చి, పని మొదలెట్టారు. పాత బోల్టులు తుప్పుపట్టి కన్నుల్లో కలిసిపోయాయి. కిరసనాయిలు పోశారు. సుత్తితో కొట్టారు. మళ్లీ పోశారు. మళ్లీ కొట్టారు. చివరికి ఒక బోల్టు కదిలినప్పుడు ఏసుపాదం "స్తోత్రం!" అని అరిచాడు. లోపలి రబ్బరు బుష్షులు ఎండు ఖర్జూరాల్లా ముక్కలు ముక్కలుగా రాలాయి.

"వీటిమీదేనా సార్ ఇన్నాళ్లూ తిరిగింది?" అన్నాడు ఏసుపాదం.

"ప్రభువు మీద భారం వేసి తిరిగాం."

"ఆయనకు బాగానే పడిందండి బరువు."

కన్నులు గరుకు కాగితంతో రుద్ది నిగనిగలాడేలా చేశారు. ఎర్ర బుష్షులు సిద్ధం. ఏసుపాదం చెయ్యి చాచాడు. "గ్రీజు ఇవ్వండి సార్."

ఫ్రాన్సిస్ గారు లోపలికి వెళ్లారు. కళ్లజోడు నుదుటి మీద ఉంది. ఆయన చూపు కోసం దాన్ని వాడేది తక్కువ, హోదా కోసం పెట్టుకునేది ఎక్కువ. ఫ్రిజ్ తెరిచి, పై అరలో చేతికి అందిన కవరు తీసుకుని వచ్చారు.

ఏసుపాదం కవరు మూల కత్తిరించి, వేలితో తీసి, బుష్షులకు లోపలా బయటా దట్టంగా పూశాడు. పూస్తూ ముక్కు ఎగబీల్చాడు.

"కమ్మగా ఉందండి సార్ వాసన."

"మామూలు గ్రీజు కాదు మరి."

"మన గ్రీజయితే చెయ్యి మూడ్రోజులు కంపు కొడతది. ఇది చూడండి, తలకి రాసుకోవాలనిపిస్తంది."

ఆ వాసన వెనిలాది. వాళ్లు జీపు కన్నుల్లో పూసింది వెన్న, పంచదార పొడి కలిపి విజయమ్మ గారు గిలక్కొట్టిన ఐసింగు. అసలు గ్రీజు గుడ్ల పక్కన క్షేమంగా ఉంది. ఈ సంగతి ఆ వాకిట్లో ఇద్దరికీ తెలియదు. ఏసుపాదం బుష్షులు నొక్కి, బోల్టులు దూర్చి, జీపును నేలకు దించి, తన సిద్ధాంతం ప్రకారం బిగించాడు. ఆపైన చెయ్యి లుంగీకి తుడుచుకుని, అదే చేత్తో ఇడ్లీలు తిని, "ఇవాళ చట్నీ తియ్యగా కుదిరిందండి," అన్నాడు.

మర్నాడు ఫ్రాన్సిస్ గారు బంపరు తొక్కారు. చప్పుడు లేదు. ఇంకోసారి తొక్కారు. లేదు. వంటింట్లోంచి విజయమ్మ గారు కంగారుగా బయటికి వచ్చారు. "ఏమైందండీ? ఇవాళ తొక్కలేదా?"

ఆయన జీవితంలో అంతకంటే గొప్ప ప్రశంస అప్పటికి రాలేదు.

అయినా విజయమ్మ గారు పరీక్ష పెట్టారు. వెడల్పాటి గిన్నెలో పాలు తోడేసి, గడ్డకట్టిన పెరుగును వెనక బల్ల మీద పెట్టించారు. వడ్లమూడి దాకా వెళ్లి రావాలి. ఫ్రాన్సిస్ గారు దారిపొడుగునా పెరుగు తప్ప దేవుణ్ణి కూడా తలుచుకోలేదు. తిరిగొచ్చాక విజయమ్మ గారు మూత తీసి చూశారు. పెరుగు మీద చిన్న బీట కూడా లేదు.

"ఊఁ," అన్నారావిడ.

ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆ 'ఊఁ' విలువ తెలిసిన మనిషి ఆయనొక్కరే. మధ్యాహ్నం ఆ పెరుగే వేసుకుని రెండుసార్లు అన్నం కలుపుకున్నారు.

తర్వాత ఎండలు ముదిరాయి. వాకిట్లో నిలబడ్డ జీపు కింద ఐసింగులోని వెన్న కరిగి చుక్కచుక్కగా మట్టిలోకి దిగిపోయింది. పంచదార మాత్రం ఎటూ పోక కన్నుల్లో గట్టిపడింది. చీమలకు కబురందింది. వాటికి వీడియోలు చూసే అలవాటు లేకపోయినా, ఏది గ్రీజో ఏది కాదో తేల్చుకోవడానికి ఆట్టే టైము పట్టలేదు. ఫ్రాన్సిస్ గారు జీపు పక్కన చీమలబారు చూసి, వాన వచ్చేట్టుందని సంతోషించారు.

పెళ్లి రోజు వచ్చింది. ఫ్రాన్సిస్ గారు సూటు వేశారు. కేకు నిజంగానే చూడముచ్చటగా ఉంది. మూడంతస్తులూ, చుట్టూ గులాబీలూ, పైన కొత్త పంచదార దంపతులూ. కేకును చెక్కతో సహా వెనక ఎక్కించి, పైన పల్చటి బట్ట కప్పి, చెరుకుపల్లి మీదుగా బయల్దేరారు.

తెనాలి దాటేదాకా జీపు పెళ్లివారింటి పెద్దమనిషిలా హుందాగా నడిచింది. ఆ తర్వాత ఎక్కడో చిన్నగా ఒక 'కీచ్' వినిపించింది.

"పక్షి," అన్నారు ఫ్రాన్సిస్ గారు.

ఇంకో గతుకు. ఇంకో కీచు.

"ఆ పక్షి మనతోనే వస్తోందండీ," అన్నారు విజయమ్మ గారు.

చెరుకుపల్లి దగ్గరపడేసరికి పక్షి పేరు చెప్పుకునే అవకాశం కూడా పోయింది. గతుకు గతుకుకూ జీపు నాలుగు మూలల నుంచీ గొంతెత్తింది. కోతలయిపోయిన చేలల్లో మేస్తున్న గేదెలు తలలెత్తి చూశాయి. ఎదురుగా వచ్చే మోటారు సైకిలు మనిషి, ఏదో జంతువు కింద పడిందనుకుని బండి ఆపి వెనక్కి చూశాడు. ఫ్రాన్సిస్ గారికి బాపట్ల దారి గుర్తొచ్చింది.

ఊళ్లో పుల్లమ్మ టీకొట్టు ముందు ఆపారు.

"ఏంది బాబాయ్, పందిపిల్లని ఎక్కించుకొచ్చావా?" అంది పుల్లమ్మ, జీపు లోపలికి తొంగి చూస్తూ.

ఫ్రాన్సిస్ గారు ఆ మాట వినలేదు. వెనక్కి వెళ్లి, భయపడుతూ బట్ట ఎత్తారు. మూడంతస్తులూ నిటారుగా ఉన్నాయి. ఒక్క పువ్వు చెదరలేదు. పంచదార దంపతులు చేయీ చేయీ పట్టుకునే ఉన్నారు.

"విజయా! చూడు! కదల్లేదు!"

విజయమ్మ గారు వచ్చి చూశారు. ఆవిడ పువ్వుల్ని చూడలేదు, చెక్క అంచును చూశారు. అక్కడ సన్నగా, నల్లగా, క్రమశిక్షణతో ఒక గీత కదులుతోంది. ఆ గీతను వేలితో చూపిస్తూ కిందికి, ఇంకా కిందికి, చక్రం పక్కకు వంగారు. చీమలు కమాను కట్ట కన్నులోంచి పుట్టుకొస్తున్నాయి. ఇన్నాళ్లూ అక్కడ సర్దుకుని బతికినవాటికి ఇవాళ నెత్తి మీద మూడంతస్తుల మేడ దొరికింది.

కన్ను అంచున తెల్లగా ఏదో గట్టిపడి ఉంది. విజయమ్మ గారు గోటితో గీకి, వాసన చూసి, నాలిక చివర పెట్టుకున్నారు.

"అయ్యో, అది గ్రీజు!" అన్నారు ఫ్రాన్సిస్ గారు.

ఆవిడ నెమ్మదిగా లేచి నిలబడ్డారు. "ఏమండీ. ఇది నా ఐసింగు."

"కాదు విజయా, అది పార్సిల్లో వచ్చిన..."

"నా చేత్తో గిలక్కొట్టిన ఐసింగు నాకు తెలీదా? ఇందులో వెనిలా నేను ఎంత వేస్తానో మీ కంపెనీవాళ్లకేం తెలుసు? నా ఐసింగు తీసుకెళ్లి జీపుకు తినిపించారా?"

ఫ్రాన్సిస్ గారు కళ్లజోడు నుదుటి మీద నుంచి కిందికి దించారు. కాస్త ఆలస్యంగా దించారు. ఆ తర్వాత ఇద్దరికీ ఒకేసారి ఒక ఆలోచన వచ్చింది. ఇద్దరూ కేకు వైపు చూశారు.

"మరి గ్రీజేదండీ?" అన్నారు విజయమ్మ గారు, గొంతు తగ్గించి.

"ఫ్రిజ్‌లో... గుడ్ల పక్కన. నువ్వుగానీ ఈ కేకుకు..."

ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని గుర్తు చేసుకున్నారు. "వాసనా గీసనా లేని కవరు. అదేనా? ఐసింగు చచ్చిపోయిందనుకుని వెనక్కి నెట్టేశాను. పారేద్దామనుకుని మర్చిపోయాను."

"స్తోత్రం," అన్నారు ఫ్రాన్సిస్ గారు. అంత నిజాయితీగా ఆ మాట ఆయన చర్చిలో కూడా అనలేదు.

కానీ చీమలు ఆగవు కదా. మొదటివి అప్పటికే కింది అంతస్తు పునాది తాకాయి. ఈ జీపులో పెట్టి తీసుకెళ్తే, రేపల్లె చేరేసరికి లిడియా పెళ్లి కేకు నల్లగులాబీల కేకు అవుతుంది. విజయమ్మ గారు ఫోను తీశారు. ఎవరికి చేస్తున్నారో ఫ్రాన్సిస్ గారు అడగలేదు. బ్రహ్మాజీ అప్పుడే తెనాలిలో రొయ్యలు దించి ఖాళీగా వస్తున్నాడు.

అతను వచ్చి, సంగతి విని, నవ్వు ఆపుకోవడానికి చాలా మర్యాదగా ప్రయత్నించాడు. "ఐసు పెట్టెలో పెడితే చీమలు ముడుచుకుని రాలిపోతాయక్కా. ఆ దిగులు లేదు. కానీ రేపల్లె ముందు రోడ్డు తవ్వేశారు. ఊరికే పెడితే ఆగదు. ఎవరో ఒకరు వెనక కూర్చుని ఒళ్లో పట్టుకోవాల."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. బ్రహ్మాజీ బండి నడపాలి. విజయమ్మ గారికి నడుంనొప్పి, కింద కూర్చుంటే లేవలేరు. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా ఆవిడే చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వ్యాను వెనక్కి నడిచారు.

ఫ్రాన్సిస్ గారు జీపు వైపు చూశారు. ముందు సీటు ఖాళీగా ఉంది. ఎండకు రెక్సిను మెరుస్తోంది. ఇప్పుడు ఆయన అందులో కూర్చుని, దర్జాగా, కీచుమంటూ ఒంటరిగా రేపల్లె వెళ్లొచ్చు. ఎవరూ కాదనరు.

"నువ్వు ముందు కూర్చో విజయా," అన్నారు. కోటు విప్పి మడిచి ఆవిడ చేతికిచ్చారు. జీపు తాళాలు పుల్లమ్మకిచ్చి, చీమల్ని తోలమని కూడా చెప్పలేకపోయారు. ఐసు పెట్టెలోకి ఎక్కి, బోర్లించిన ప్లాస్టిక్ ట్రే మీద కూర్చుని, చేతులు చాచారు. "ఇటివ్వండి."

తలుపు పూర్తిగా మూయకుండా బ్రహ్మాజీ తాడుతో కట్టాడు. వ్యాను కదిలింది. రోడ్డు తవ్విన చోట గతుకు వచ్చినప్పుడల్లా ఫ్రాన్సిస్ గారి మోకాళ్లు వాటంతటవే కొంచెం పైకి లేచి, నెమ్మదిగా దిగాయి. ఆ విద్య ఆయన మర్చిపోలేదు. చీమలు ఒక్కొక్కటీ ముడుచుకుని ఆయన ప్యాంటు మీద రాలాయి.

రేపల్లెలో చర్చి పక్క హాలు ముందు అంద్రెయ గారే ఎదురొచ్చి తలుపు తీశారు. లోపల, మే నెల మధ్యాహ్నం, పళ్లు టకటకలాడుతూ, మూడంతస్తుల కేకు ఒళ్లో పెట్టుకుని కాలువల శాఖ రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్.

"ఏంటి బావగారూ, ఇదేం ప్రయాణం? మీ జీపేమైంది?"

"జీపు... చెరుకుపల్లిలో... ఆగింది," అన్నారు ఫ్రాన్సిస్ గారు, మాట మాటకీ వణుకుతూ. "ముందు... కేకు... దించండి."

కేకు దించారు. విజయమ్మ గారు చుట్టూ తిరిగి చూశారు. ఒక్క పువ్వు చెదరలేదు. మెత్తటి కుంచెతో అడుగున మిగిలిన చీమల్ని తుడిచేశారు. పెళ్లి బాగా జరిగింది. కేకును అందరూ మెచ్చుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం, ఎక్కడినుంచో సముద్రపు గాలి బాగా వస్తోందని అన్నాడు. ఫ్రాన్సిస్ గారు ఆయన పక్కనుంచి లేచి వెళ్లి కిటికీ దగ్గర కూర్చున్నారు.

పందెం ఎవరు గెలిచారనే విషయం మీద తిరుగు ప్రయాణంలో ఒక చిన్న విచారణ జరిగింది.

"కేకు చెదరలేదు," అన్నారు ఫ్రాన్సిస్ గారు.

"జీపులో చేరలేదు," అన్నారు విజయమ్మ గారు.

"చెరుకుపల్లి దాకా జీపే."

"చెరుకుపల్లిలో ఎవరి పెళ్లండీ?"

స్టీరింగు దగ్గరున్న బ్రహ్మాజీ రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. తీర్పు రాకుండానే తెనాలి వచ్చేసింది.

జీపును మర్నాడు ఏసుపాదం వెళ్లి తెచ్చాడు. బుష్షులు ఊడదీసి, వేడినీళ్లతో ఎంగిలి గిన్నెలు తోమినట్టు తోమి, ఈసారి అసలు గ్రీజు పూసి బిగించాడు. పూస్తూ వాసన చూసి మొహం చిట్లించాడు. "ఇదేంటండి, సప్పగా ఉంది? మొన్నటిదే బాగుంది సార్."

సాయంత్రం చలపతిరావు గారు తనే ఫోను చేశారు. విజయమ్మ గారు ఎత్తారు. ఫ్రాన్సిస్ గారు పేపరు తిరగేసి పట్టుకుని చదువుతున్నారు.

"లేదండి, కుదరదండి," అంటున్నారావిడ. "అవునండి, ఇంజను అక్కర్లేదన్నారు, గుర్తుంది. మాకు కావాలండి. ఆదివారం చర్చికి వెళ్లాలి కదండి." ఫోను పెట్టేసి, భర్త వైపు చూడకుండా, "పేపరు తలకిందులుగా ఉంది," అని వంటింట్లోకి వెళ్లిపోయారు.

ఫ్రాన్సిస్ గారికిప్పుడు అరవై ఏడేళ్లు. పొద్దున్నే బంపరు తొక్కుతారు, ఏ చప్పుడూ రాదు. ఆదివారం జీపు ముందు సీట్లో చర్చికి వెళ్తారు. పెళ్లిళ్ల రోజుల్లో మాత్రం బ్రహ్మాజీ వ్యాను వెనక, స్వెట్టరు వేసుకుని, కేకు ఒళ్లో పెట్టుకుని వెళ్తారు.